నీలం చెరువు దొంగలు

చైత్రకు చిన్నప్పుడు ఒక భ్రమ ఉండేది. కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే వల్లూరు చుట్టూ వేరుశనగ చేలు పోయి సోలార్ పలకలు వచ్చిన కొత్తలో, గుట్టెక్కి చూస్తే అదంతా చెరువులా కనిపించేది. మబ్బులు అందులో మెల్లగా ఈదుకుంటూ పోయేవి. కొంగలు దిగబోయి, కాళ్లకు వేడి తగలగానే బెదిరి లేచేవి.

"అమ్మా, మన చేను నీళ్ల కింద ఉండాది కదా?" అని అడిగేది.

"ఊఁ, ఉండాది లే," అనేది సంజీవమ్మ, పొయ్యి ఊదుకుంటూ.

చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చాక చైత్ర తండ్రి ఎర్రిస్వామి టీ అంగడి దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మాటల మధ్యలో ఆయన చేతులు వాటంతటవే కాయలు ఒలుస్తున్నట్టు కదిలేవి. చైత్ర క్యాలెండర్ వెనక వేసిన మొదటి బొమ్మ ఆ చేతులదే.

ఆమెకు ఇద్దరు జతగాళ్లు. పక్కింటి వీరేశ్ అడిగితే తప్ప నోరు విప్పడు. చిల్లర అంగడి దొడ్డయ్య కొడుకు చేతన్ నిద్రలో కూడా మాట్లాడతాడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ముగ్గురూ కుక్కలు తవ్విన సందులోంచి కంచె దాటి పలకల కింద పడుకునేవాళ్లు. అక్కడి నీడ వేరు. పలకల మధ్య సందుల్లోంచి వెలుగు సన్నని చారలై ఒంటి మీద పాకేది. ఎక్కడో మిషన్లు తేనెటీగల్లా రొద చేసేవి. చైత్ర కళ్లు మూసుకుని కథ చెప్పేది. నీలం చెరువు అడుగున ముగ్గురు దొంగలున్నారు, వాళ్లు రోజూ ఎండను కొంచెం కొంచెంగా దొంగిలించి సీసాల్లో దాస్తారు. చివరికి ఏమవుతుందో ఎప్పుడూ తెలిసేది కాదు. అంతలో ఎవరో ఒకరు నిద్రపోయేవాళ్లు.

పదో తరగతి పరీక్షల ముందు సోలార్ పార్కులో రాగి తీగల కట్టలు మాయమయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం చేతన్ పలకల కిందికి ముందుగా వచ్చి, మిగిలిన ఇద్దరి కోసం చూస్తూ నిద్రపోయాడు. సెక్యూరిటీ వాళ్లు వాణ్ని కాలితో తట్టి లేపారు.

"నీ జతలో ఎవరుండిరి?" అని అడిగాడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు.

"ఎవరూ లేరు సార్. నేనొక్కణ్నే."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఊళ్లో ఈ సంగతి తెలిసేసరికి వీరేశ్ ముఖం పాలిపోయింది. "మన పేర్లు చెప్పలేదంట వాడు," అన్నాడు.

"అందుకే పోదాం పా," అంది చైత్ర.

ఇద్దరూ అలవాటైన కంచె సందులోంచే దూరి, వరసల మధ్యగా నడిచి, లోపలెక్కడో ఉన్న సెక్యూరిటీ వాళ్ల రేకుల గదికి చేరారు. తామే నడిచొచ్చి పట్టుకోమన్న దొంగపిల్లల్ని సూపర్‌వైజరు అంతకుముందు చూసి ఉండడు. కాసేపు తేరిపార చూసి, గొంతు మెత్తగా చేశాడు.

"చూడమ్మా, వాడు తీగలు కోస్తా ఉంటే చూసినామని చెప్పండి చాలు. మీరిద్దరూ ఇంటికి పోవచ్చు."

వీరేశ్ తల అడ్డంగా ఊపాడు.

"మేం చూసింది వాడు నిద్రపోయేది ఒక్కటే సార్," అంది చైత్ర.

గదికి అడ్డంగా కట్టిన తడిక అవతల చేతన్ ఫక్కున నవ్వాడు. వెంటనే చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. నవ్వు మాత్రం ఆగలేదు. ఆ నవ్వు వింటుంటే చైత్రకు భయమంతా పోయి, తాము నిజంగానే నీళ్ల అడుగున కూర్చున్నట్టు, పైన జరిగేదేదీ తమను తాకనట్టు అనిపించింది.

సాయంత్రం పెద్దలొచ్చి విడిపించారు. ఆ తర్వాత పరీక్షలు అయ్యేదాకా పావగడ పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడమే సరిపోయింది. అసలు దొంగలు వేరే ఎక్కడో, రాగి కట్టలున్న లారీతో సహా దొరికారు. ఆ సంగతి వీళ్లకు ఎవరూ చెప్పలేదు. దొడ్డయ్యే పోయి అడిగి తెలుసుకున్నాడు.

చేతన్ లెక్కల్లో తప్పాడు. మళ్లీ పరీక్ష కట్టలేదు. ఇప్పుడు గూడ్స్ ఆటో నడుపుతున్నాడు. వీరేశ్ అదే పార్కులో పొడుగాటి బ్రష్షుతో పలకలు కడుగుతాడు. రోజూ అదే గేటులోంచి, మెడలో గుర్తింపు కార్డుతో. పీయూసీ, అంటే ఇంటరు, అయ్యాక చైత్ర పావగడ బజారులో సీతారామ్ జిరాక్సు అంగడిలో చేరింది.

మధ్యాహ్నం బజారు కునుకు తీసేవేళ, ఒకవైపు చెడిపోయిన కాగితాల మీద ఆమె ఆ ముగ్గురు దొంగల తలకాయలను గీయడం మొదలుపెట్టింది. బొమ్మల కథగా, గడి తర్వాత గడి, పేజీ తర్వాత పేజీ. నల్ల కళ్లద్దాల సూపర్‌వైజరు, తడిక, చెంపదెబ్బ, నీళ్లలా తెరుచుకునే పలకలు. బళ్లో నేర్చింది కన్నడ అక్షరాలు కాబట్టి అవే రాసింది. మాటలు మాత్రం ఇంట్లోవి.

ఒకరోజు సీతారామ్ వెనక నిలబడి చదివాడు. "ఏంది పాపా ఇది? అచ్చరాలు కన్నడ, మాటలు మనవి!"

"మేం బతికేది అట్లనే కదన్నా."

ఆయన మరునాడు మిషన్‌లో కొత్త ఇంకు పోయించి, "కాపీలు వేసుకో," అన్నాడు.

కుట్టిన పుస్తకం చూసి చేతన్ తన ముక్కు అంత పెద్దది కాదని పోట్లాడాడు. వీరేశ్ చాలాసేపు తిరగేసి, "ఇందులో నేను శానా మాట్లాడతా ఉండానే," అన్నాడు.

"లోపల మాట్లాడతావులే. నాకు వినపడతాది."

బెంగళూరులో తమ కామిక్సు తామే వేసుకునేవాళ్లు ఒక చోట చేరి అమ్ముకుంటారని తెలిసి ముగ్గురూ బస్సెక్కారు. పెద్దగా ఏమీ అమ్ముడుపోలేదు. కానీ ఒక అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తెలుగు రాకపోయినా ఒక్కో మాటనూ పైకి పలికి రుచి చూస్తున్నట్టు చదివింది. పక్కన ఎవరున్నారో కూడా మరిచిపోయింది. చైత్ర ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారం ఇంట్లో చింతపండు గింజలు తీస్తున్న సంజీవమ్మ చేతికి పుస్తకం ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. బొమ్మలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"నన్ను యాడ పెట్టినావు?"

"నువ్వు లేవు కదమ్మా ఆ పొద్దు."

"లేకుండా యాడికి పోతి? పొద్దు గుంకేదాకా కంచె బయట కూచోలేదా? గేటు కాడ లోపలికి ఇడిసిపెట్టలేదు. కంచె ఎంబడి నడిచి, మీ గది యాడుందో అని ఎతుకులాడి, గుట్టను చూసుకోని మన చేను గట్టు ఉండే చోటు కనుక్కోని కూచుంటి. సంగటి మూట ఒళ్లో పెట్టుకోని."

చైత్ర ఇన్నేళ్లూ ఆ రోజును ఎన్నిసార్లు గీసిందో. ఎప్పుడూ లోపలి నుంచే.

"నాయన వస్తాడు, ఇడిపిస్తాడు అని తెలుసు. దానికి కాదు నా బయం," అంది తల్లి. "ముగ్గురిలో ఒకరు మాట మారుస్తారేమో అని. పిల్లప్పుడే అట్లయితే జన్మంతా ఒంటరిగా బతకాల్సి వస్తాది కదా పాపా."

రెండోసారి అచ్చు వేసినప్పుడు మధ్యలో ఒక పేజీ కొత్తగా చేరింది. దాన్ని గీయడానికి చైత్ర తల్లిని వాకిట్లో కూర్చోబెట్టింది. సంజీవమ్మ కొంగు సర్దుకుంటూ, నడుము నొప్పి అంటూ, మధ్యలో లేచి కోళ్లను తోలుతూ కూర్చుంది. ఆటోలో వచ్చిన చేతన్, డ్యూటీ దిగి వచ్చిన వీరేశ్ గోడకు ఆనుకుని చూశారు.

"సంగటి మాకు గూడా తెచ్చింటివా అత్తా?" అన్నాడు చేతన్.

"ముగ్గురికీ తెస్తి. మీరు ఇంకో దావన పోతిరి. కుక్కలు తినిపోయె."

వీరేశ్ ముందు నవ్వాడు. వాడు నవ్వడం విని సంజీవమ్మ కూడా నవ్వింది. "కదలొద్దు కదలొద్దు," అంటూ చైత్ర ఆ నవ్వును కాగితం మీద పట్టుకునే ప్రయత్నంలో పడింది.