చప్పట్లు లేని పుట్టినరోజు

సాయికిరణ్‌కి ఏడేళ్లు నిండబోతుండగా మంజూష గారు మొదటిసారి వాడి పుట్టినరోజుకి పిల్లల్ని పిలవాలనుకున్నారు. అమీర్‌పేటలో మా హాస్టల్ కింది అంతస్తులో ఉండేవారు వాళ్లు. భర్త హనుమత్ప్రసాద్ గారు కోచింగ్ సెంటర్లో జావా చెప్పేవారు. తెల్లవారి బ్యాచ్ నుంచి రాత్రి బ్యాచ్ దాకా గొంతు అరగదీసుకుని, ఇంటికొచ్చాక సైగలతోనే మాట్లాడేవారు.

పిల్లవాడికి పాలు సరిపడవు. చెంచాడు మజ్జిగ పడ్డా పెదవులు ఉబ్బి ఊపిరి అందదు. చప్పుడు ఇంకో బాధ. కుక్కర్ కూత, మిక్సీ, వీధిలో బ్యాండు, దేనికైనా చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. బడిలో పిల్లలు వాడి చెవి దగ్గర టిఫిన్ డబ్బా మూతలు కొట్టి నవ్వేవారట. వాడి పక్కన కూర్చునేది అజీమ్ ఒక్కడే.

"ఒక్కసారి నలుగురు పిల్లలు వాడి చుట్టూ కూర్చుని అన్నం తింటే చాలమ్మా. మనుషులంటే భయం పోతుంది వాడికి" అనేవారు మంజూష గారు. ఆమెకి అంతకు మించి కోరికేమీ లేదు.

బెలూన్లు పేలతాయని మానేశారు. ఇద్దరం కలిసి కాగితం నక్షత్రాలు కత్తిరించాం. ఆ పూట నీళ్ల మోటారు ఆపమని ఇంటి ఓనరు రాజనర్సయ్య గారిని అడగడానికి నన్ను తోడు తీసుకెళ్లారు.

"మోటరు బంద్ పెడితే పైన హాస్టల్ పోరిలు నన్ను బతకనిస్తరా?" అన్నాడాయన. నన్ను చూసి నాలిక కరుచుకున్నాడు. "సరే తియ్యమ్మా, పిలగాని కోసం పెడ్త. మీరు సుత జర నీళ్లు పట్టి పెట్టుకోండ్రి."

పిల్లల తల్లులకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. "మావాడికి పాలు పడవండీ" అంటే, "మా దానికీ పడవు, చక్కెర ఎక్కువేస్తే తాగేస్తుంది" అని జవాబు. మనకి ఆ ఒక్క మాటే అన్నిటికీ. వంకాయ పడదు, చన్నీళ్లు పడవు, తోటికోడలికి పడదు. ప్రాణం పోతుందన్న సంగతి అందులో ఎవరికీ వినపడదు.

ముందురోజు కాకినాడ నుంచి అత్తగారు అరుణాదేవి గారు వచ్చారు. "పడదు పడదు అని వాణ్ణి బెదరగొట్టకే. నాకూ మీ మావగారికీ ముప్పై ఏళ్లు పడలేదు. చచ్చామా?" అన్నారు. మంజూష గారికి కూడా నవ్వొచ్చింది. అయినా అరుణాదేవి గారు, చెబితే వినని మనిషి కాదు. పాల ప్యాకెట్లు, పెరుగు గిన్నె తానే పట్టుకెళ్లి ఓనరు వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టొచ్చారు. పాయసం కొబ్బరిపాలతో కాచారు.

నలుగురు పిల్లలూ వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి, చప్పట్లకి బదులు చేతులు పైకెత్తి ఊపాలని ఒక్కొక్కరికీ చెప్పాను. సాయికిరణ్ గదిలోంచి రాగానే ఎనిమిది చేతులు గాల్లో ఊగాయి. అజీమ్ గుసగుసగా, "సినిమాల సౌండ్ పోయినట్టుందిరా" అన్నాడు. సాయికిరణ్ నవ్వాడు. చెవుల మీద చేతుల్లేవు. పిల్లల మధ్యకెళ్లి కూర్చున్నాడు. మంజూష గారు నా చెయ్యి పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత గట్టిగా.

వంటింట్లో అరుణాదేవి గారు మనవడి పళ్లెంలో పప్పూ అన్నం పెట్టి, తన సంచిలోంచి చిన్న సీసా తీసి, చెంచా కొసతో బొట్టు నెయ్యి వేశారు. అభిఘారం. శుభమంటూ పెట్టే అన్నం మీద నేతిబొట్టు పడకపోతే అది అశుభానికి పెట్టే అన్నమవుతుందని వాళ్లింటి నమ్మకం. ఎవరూ చూడలేదు. ఆవిడ దాచనూ లేదు.

నాలుగు ముద్దలు తిన్నాక వాడు దగ్గాడు. పెదవి ఉబ్బింది. ఆ ముఖం చూసి ఒక పాప కెవ్వుమంది, మిగతా పిల్లలూ అరిచారు. ఊపిరాడని పిల్లవాడు గొంతు పట్టుకోలేదు, చెవులు మూసుకున్నాడు.

ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న తండ్రి వాణ్ణెత్తుకుని పరుగెత్తారు. ఆటో పంజగుట్ట చౌరస్తాలో ఇరుక్కుంది. హారన్ మోగించకపోతే దారి దొరకదు, మోగిస్తే వాడు ఒళ్లోంచి గింజుకుని జారిపోతున్నాడు. ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేశారు. బతికాడు.

వరండాలో అరుణాదేవి గారు కోడలి మోకాలు పట్టుకుని ఏడ్చారు. "పాలన్నావు, పెరుగన్నావు, మజ్జిగన్నావు. నెయ్యనలేదే తల్లీ! కాచి వడగట్టాక అందులో పాలెక్కడుంటాయి?" నిజమే. ఆ ఇంట్లోకి ఎన్నడూ రాని నెయ్యి మంజూష గారి నోటికీ రాలేదు.

తర్వాతి ఆదివారం నేను పిల్లవాణ్ణి చూడ్డానికి వెళ్లినప్పుడు అజీమ్ వచ్చాడు. అడగకుండానే వచ్చాడు. వాడి గొంతు వినగానే సాయికిరణ్ మంచం కిందికి పోయాడు.

"వాణ్ణి పంపించెయ్యమ్మా. వాళ్లొస్తే నాకు ఊపిరి రాదు."

మంజూష గారు నేలమీద పడుకుని మంచం కిందికి చూశారు. "అది నెయ్యి వల్ల కన్నా. వాళ్లేం చెయ్యలేదు."

"వాళ్లొచ్చాకే వచ్చింది."

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లారు.

"బాబు పడుకున్నాడు నాన్నా."

"లేచేదాంక మెట్ల మీద కూసుంట ఆంటీ."

"వద్దమ్మా. ఇంటికెళ్లు."

"రేపొస్త మరి?"

మంజూష గారు తల అడ్డంగా ఊపారు.