బస్సు వెనక ఆకులు

ఆయన అసలు పేరు డిపోలో ఎవరికీ గుర్తులేదు. బస్సుల ఒంటినిండా ఆకులు వేసేవాడు కాబట్టి ఆకుల మేస్త్రి. కుర్రతనంలో దుకాణాల బోర్డులు రాశాడు, తర్వాత లారీల మీద పూలూ పక్షులూ వేశాడు, చివరికి ఈ బస్సుల కంపెనీలో కుదురుకున్నాడు. చేయి తిరిగిన పనివాడు. బ్రష్షు పట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పడు. "అది బ్రష్షు కాదు, నాకు సవతి" అని భార్య వీధి ఆడవాళ్ళందరి ముందూ ఆయన్ని ఆటపట్టించేది.

వాళ్ళ ఇల్లు డిపో గోడని ఆనుకున్న వీధిలో ఉంది. తెల్లవారకముందే బస్సులన్నీ ఒక్కసారిగా స్టార్టయి, ఇంజన్లు వేడెక్కేదాకా పొగ కక్కుతూ నిలబడేవి. ఆ పొగంతా నేరుగా వీధిలోకి వచ్చేది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవలసిందే. ఆవిడకి ఉబ్బసం. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి, ఎండాకాలం కూడా ఉడికిపోతూ లోపలే ఉండేది. ఊరికే ఉండే మనిషైతే ఏ గొడవా ఉండేది కాదు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళని కూడగట్టి, డిపోని ఊరి బయటికి తరలించాలంటూ గేటు ముందు బైఠాయించింది. మొగుడు జీతం తీసుకునే గేటు ముందే పెళ్ళాం నినాదాలిస్తుంటే, మేస్త్రి ఏమీ ఎరగనట్టు వెనక గేటునుంచి పనిలోకి దూరేవాడు. సాయంత్రం ఇద్దరూ అది తలుచుకుని పడీ పడీ నవ్వుకునేవాళ్ళు.

ఇంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ గేటు ముందు కూర్చున్న ఆడవాళ్ళు కౌన్సిలరు గొంతులో ముల్లయ్యారు. ఆయనా కంపెనీవాళ్ళూ తలుపులేసుకుని మాట్లాడుకున్నారు. డిపోని కదపడం ఖర్చు, రంగు చవక. బయటికొచ్చి, ఇకమీదట ఊళ్ళో తిరిగేవన్నీ పచ్చ బస్సులేనని ప్రకటించారు. "ఈ బస్సు మీకు ఊపిరి పోస్తుంది" అన్నది నినాదం. అది రాసిన మహానుభావుడెవరో గానీ, ఏనాడూ ఆ బస్సు వెనక నిలబడి ఉండడు.

"ముందు రంగు, తర్వాత ఇంజన్లు. కొత్తవి ఆర్డరు పెట్టేశాం మేస్త్రీ, నువ్వు కానియ్" అన్నాడు మేనేజరు. మేస్త్రి నమ్మాడు. నమ్మితే ప్రాణానికి హాయిగా ఉంటుంది కాబట్టి నమ్మాడు. ఆ చోట మనమున్నా అంతే.

పచ్చ బస్సులు రోడ్డెక్కి వారం తిరక్కుండానే వెనక పలకల మీది లేత ఆకులు మసిబారిపోయాయి. కంపెనీ ప్రచారం చూసే అమ్మాయి తల పట్టుకుంది. "ఫొటోల్లో ఇలా పడితే నా ఉద్యోగం ఊడుతుంది మేస్త్రిగారూ!"

మేస్త్రికి అమ్మాయి ఉద్యోగం కన్నా తన ఆకుల మీదే బెంగ. "వెనకంతా ముదురు రంగేద్దామమ్మా. పొగగొట్టం దగ్గర చీకటి అడవిలా నల్లపచ్చ, పైకి పోయేకొద్దీ లేతాకులు. మెరుపులేని వార్నిషు కొడదాం. మసి పడినా నీడలో కలిసిపోద్ది."

కలిసిపోయింది కూడా. మసిపూసి మారేడుకాయ చేసేవాళ్ళని చాలామందిని చూశాం. మేస్త్రి మసినే ఆకు చేశాడు. మేనేజరు భుజం తట్టాడు. ఆ సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి నడిచాడు.

గేటు దగ్గర భార్య బస్సుల్ని ఎప్పుడూ వెనకనుంచే చూసేది. ఏది ఎంత పొగ వదులుతుందో వెనక పలకే చెప్పేది ఆవిడకి. రోజులు గడిచినా ఆకులు శుభ్రంగానే ఉన్నాయి. పైగా వానాకాలం, పొగ అంతగా తెలియడంలేదు.

"ఏమండీ, నిజంగానే ఇంజన్లు మార్చారా? మసి పట్టట్లేదు!" అంది. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

"మారుస్తున్నార్లే" అన్నాడు. వార్నిషు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అంతే, ఆవిడ బైఠాయింపు ఎత్తేసింది. కిటికీ సందుల్లో గుడ్డలు పీకి పారేసి, తలుపులు బార్లా తెరిచింది. "మా ఆయన చేతుల మీదుగా పోయే బస్సులు, నాకు తెలీదా!" అని చెబితే వీధంతా కిటికీలు తెరిచింది. కౌన్సిలరు గెలిచాడు. చలికాలం వచ్చింది. పొగ పైకి లేవకుండా మంచులో కలిసి వీధి మీదే పరుచుకుంది, అందరూ మంచే అనుకున్నారు. ఇంజన్ల గురించి అడిగితే "ఈసారి బడ్జెట్‌లో లేదట మేస్త్రీ" అన్నాడు మేనేజరు.

 మేస్త్రి చెప్పేయాలని ఇంటికి వెళ్తాడు, ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుట్టుకుంటూ కనబడుతుంది, నోరు పెగలదు. చలిగా ఉందని కిటికీ మూస్తే, "ఇన్నాళ్ళకి తెరుచుకున్నాం, ఉండనివ్వండి" అని మళ్ళీ తెరిచేది. పిరికితనానికి ఇంత ఖరీదుంటుందని అప్పటికి ఆయనకి తెలియదు.

ఉబ్బసం ముదిరి ఆవిడ ఆస్పత్రి మంచమెక్కి, ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్నాక చెప్పాడు, అన్నీ చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. 

"పక్కింట్లో పసిబిడ్డ ఉంది. వెళ్ళి కిటికీలు మూయమనండి. వీధిలో అందరికీ చెప్పండి."

"ఎందుకో కూడా చెప్పాలా?" అన్నాడు పిచ్చివాడు.

"చెప్పకపోతే మూయరు. నేను తెరవమన్నానని తెరిచారు."

ఇంటింటి తలుపూ తట్టి, తన నోటితో తనే చెప్పుకున్నాడు. పక్కింటావిడ పాపని భుజాన వేసుకుని అంతా విన్నది. "అక్కకి తెలుసా బావగారూ?"

"తెలుసమ్మా. తనే పంపింది."

ఆవిడ లోపలికెళ్ళి కిటికీలు మూసుకుంది.

"తిట్టారా?" అని అడిగింది భార్య, ఆయన తిరిగి రాగానే.

"ఒక్కరూ తిట్టలేదు."

"తిట్టినా బాగుండేది. ఇంకెప్పుడూ నా మాట విని ఎవరూ గేటు దగ్గరికి రారండీ."

 ఆ వారం దాటకుండానే ఆవిడ పోయింది. వీధి వీధంతా వచ్చి ఏడ్చింది, ఆయనతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. కొన్నాళ్ళకి మేస్త్రి పని మానేసి, డిపో కదలాలని అట్ట మీద రాసుకుని గేటు ముందు కూర్చున్నాడు. అక్షరాలు ఎప్పట్లాగే అందంగా ఉన్నాయి. చదివినవాళ్ళెవరూ వచ్చి పక్కన కూర్చోలేదు.