సరుగుడు కర్రకు పన్ను లేదు

మా బావ మొగలిపువ్వు భట్టీ గురించి నేను వేసిన లెక్క తప్పింది. కూడికలో కాదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, ఎన్నిసార్లు సరిచూసినా మొత్తం అదే వస్తుంది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. బరంపురంలో ఒక లారీ ఆఫీసులో గుమస్తాగా చేరి, డీజిలు లెక్కలు చూస్తూ నేర్చుకున్నదే నా చదువు. మా ఒడిశా వైపు డీజిలు మీద పన్ను తక్కువ, ఆంధ్ర వైపు ఎక్కువ. అందుకని డ్రైవర్లు సరిహద్దు దాటక ముందే ట్యాంకు నింపుకునేవాళ్లు. కొందరు పన్ను కలిసొస్తుందని దారి మళ్లి మరీ వచ్చేవాళ్లు. ఆ చుట్టు తిరుగుడుకు ఎంత డీజిలు కాలింది, అది పోగా మిగిలిందా లేదా అని తేల్చడం నా పని. చాలాసార్లు మిగిలేది కాదు. పన్ను ఎక్కడ మారితే బండి అక్కడికి తిరుగుతుందని, ఆ పొగ ఎవరి ఖాతాలోనూ పడదని నాకు అక్కడే తెలిసింది.

తరవాత లంజిపల్లిలో మా వీధివాళ్లు కరెంటు బిల్లులు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. మేడ మీద సోలారు పలకలు పెడితే ఎన్నేళ్లకు గిట్టుతుంది, పెట్రోలు స్కూటరు అమ్మేసి బ్యాటరీది కొనాలా, ఇలాంటివి. జవాబు నావైపు నుంచి ఎప్పుడూ ఒక్కటే: ఇప్పటి పన్నులు ఇలాగే ఉంటే ఇంత. ఆ మొదటి సగం ఎవరూ వినరు. చివరికి నేనూ వినడం మానేశాను కాబోలు.

మా అక్కను మేం అప్ప అంటాం. ఆమె మొగుడు, మా బావది సముద్రం పక్క పల్లె. వాళ్ల నాన్న పెట్టిన భట్టీలో ఆరు రాగి బానలు. వానాకాలంలో తెల్లవారకముందే మొగలి పువ్వులు కోసి తెస్తారు. వెంటనే నీళ్లతో బానలో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెట్టాలి. ఆవిరి గొట్టంలోంచి వెళ్లి పక్కనున్న నూనె కుండలో చల్లబడితే, వాసన ఆ నూనెలో దిగుతుంది. మంట పెరిగితే మాడు వాసన, తగ్గితే పువ్వు వృథా. ఆ మంట చూసేది ఒక ముసలి ఒడియా ఆయన. మా బావ పుట్టకముందు నుంచీ ఆ పొగలోనే కూర్చున్నాడు.

మంటకు సరుగుడు కర్ర. తీరం పొడవునా సరుగుడు తోపులే కాబట్టి ఇంకో ఆలోచన ఎవరికీ రాలేదు. అలాంటిది ఒక ఏడాది పొగ గురించి కాలుష్యం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పొయ్యిలు మార్చండి, లేదా పొగగొట్టం ఎత్తు పెంచండి అని. బావ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏరా బావమరిదీ, లెక్కలోడివి గదా, సూసి సెప్పు. గేసా, కర్రా? గేసు పొయ్యిలు ఎయ్యాలంటే సేతిలో ఉన్నదంతా అయిపోతాది. మళ్లీ ఇంకోటి ఎయ్యలేను. తప్పితే భట్టీ మూసుకోడమే."

"నువ్వేటనుకుంటన్నావు బావా?"

"నాను అనుకుంటే నీ దగ్గిరికి ఎందుకొస్తాను?"

ముందు ఒక బాన కింద గ్యాసు పెట్టి చూద్దామన్నాను. రెండు సిలిండర్లు తెచ్చి, అద్దెకు తెచ్చిన పొయ్యి మీద ఒక పొద్దు నడిపించాం. ముసలాయన అలుగుతాడని బావ భయపడ్డాడు. ఆయన మీట రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకున్నాడు.

"బాగుంది సావుకారూ. ఊదక్కర్లేదు, దగ్గక్కర్లేదు. ఇంత సుకం ఉందని మీ నాన్న నాకు సెప్పనేలేదు."

"మా నాన్నకి తెలిస్తే గదా!" అన్నాడు బావ.

నూనె కూడా మచ్చ లేకుండా దిగింది. ఇక మిగిలింది నా లెక్క.

వ్యాపారానికి వాడే గ్యాసు మీద పన్ను నూటికి పద్దెనిమిది. ఇంటి సిలిండరు మీద అందులో మూడో వంతు కూడా లేదు. వంటచెరుకు మీద అసలు లేదు. పెద్ద కంపెనీ అయితే కట్టిన పద్దెనిమిదినీ తన అమ్మకం పన్నులో తగ్గించుకుంటుంది. మా బావలాంటి చిన్నవాళ్లు అమ్మకం మీద కొద్దిపాటి పన్ను ఒక్కమారు కట్టి ఊరుకునే పద్ధతిలో ఉంటారు. వాళ్లకు కొన్నదాని మీద కట్టింది తిరిగి రాదు. ఆ పద్ధతి వదిలెయ్యమంటే, నెలనెలా కాగితాలు ఎవడు రాస్తాడని బావ చేతులెత్తేశాడు. అంటే పొగ లేని మంటకు పద్దెనిమిది, పొగ మంటకు సున్నా. పొగ తగ్గించమన్న కాగితమూ, ఈ పన్నూ ఒకే ప్రభుత్వానివి. నాకు కోపం రాలేదు. ఇలాంటివి చాలా చూశాను.

కర్ర రేటు ఒక్క ఏడాదిది తీసుకుంటే మోసపోతామని, జాగ్రత్త కోసం ఐదేళ్ల రేట్లు కలిపి సగటు తీశాను. సగటు మీద కర్రే నెగ్గింది, అదీ చాలా తేడాతో. కర్రే ఉంచు, గొట్టం ఎత్తు పెంచు అన్నాను. బావ అలాగే చేశాడు.

మరుసటి ఏడు కర్ర ట్రాక్టరు రేటు పెరిగింది. ఆ పై ఏడు ఇంకా పెరిగింది. డబ్బు ఇస్తామన్నా రెండు రోజులకు ఒక ట్రాక్టరు రావడం కష్టమైంది. నేను వెళ్లేసరికి అప్ప అరుగు మీద పువ్వులు వందలుగా లెక్కపెట్టి గంపల్లో వేస్తోంది. నా కాగితం తీసి ఆమెకే చదివి వినిపించాను, ఎక్కడ తప్పిందో నాకు తెలియక. ఐదేళ్ల రేట్లూ వరసగా చదువుతుంటే మధ్యలో ఆపింది.

"ఉండు. ఈ మూడేళ్లూ ఎప్పటివి?"

చెప్పాను.

"ఓరి నీ తెలివి తగలెయ్యా! అది తుపాను కర్రరా. తోపులన్నీ పడిపోనాయి, ఎవుడూ నరకనేలేదు. తీసుకెల్తే సాలు అని ఇచ్చీసినారు. మూడేళ్లు కాల్సినాం అదే. మన పెరట్లో గుట్టలేసింది నువ్వు సూడలేదేటి?"

చూశాను. ఆ గుట్ట మీద కూర్చుని టీ కూడా తాగాను. మా తీరంలో పెద్ద తుపాను వెళ్లాక పడ్డ సరుగుడు కొని గుట్టలు వేసుకోవడం అందరికీ అలవాటే. రెండు మూడేళ్లు దాంతోనే పొయ్యిలు నడుస్తాయి. అందుకే ఇక్కడ ఎవరిని అడిగినా కర్ర చవకే అంటారు. వాళ్లు చెప్పేది పడ్డ చెట్టు రేటు. నేను ఐదేళ్లు తీసుకుంటే అందులో మూడేళ్లు గాలి నరికి ఇచ్చినవే. జాగ్రత్త పడకుండా ఆ ఏటి రేటు ఒక్కటే వేసి ఉంటే, పన్ను కలిపినా గ్యాసే నెగ్గేది.

"పోన్లే, నువ్వొక్కడివే గాదు. మీ బావకీ గుర్తు రానేదు," అంది అప్ప, మళ్లీ పువ్వుల మీద చెయ్యి వేసి. "ఎన్ని వందలైనాయో మరిసిపోనాను నీ వల్ల."

రేటు బాగుందని తోపుల వాళ్లు లేత చెట్లు కూడా కొట్టేశారు. భట్టీ గుమ్మంలో నిలబడితే ఇదివరకు ఆకుపచ్చ గోడలా ఉండేది. ఇప్పుడు సందుల్లోంచి అలలు కనిపిస్తున్నాయి. "ఇంక సముద్రం సూడ్డానికి గోపాలపురం ఎల్లక్కర్లేదు," అన్నాడు బావ. ఈసారి గాలి వస్తే పడడానికి కూడా చెట్లు ఉండవని నాకు అనిపించింది.

ఈలోగా బొగ్గు మీద పన్ను మారింది. చాలా ఏళ్ల కిందట శుభ్రత పేరు చెప్పి టన్నుకు ఇంత అని వేసిన సుంకం ఒకటుంది. మధ్యలో దాని పేరూ మారింది, ఆ డబ్బు వెళ్లే చోటూ మారింది. ఆఖరికి దాన్ని ఎత్తేసి, బదులుగా మామూలు పన్ను పద్దెనిమిదికి పెంచారు. చూస్తే పెంచినట్టే. కానీ పాత సుంకం కట్టినవాడి దగ్గరే ఆగిపోయేది. ఈ పద్దెనిమిది పెద్దవాడికి తిరిగి వస్తుంది. రోడ్డు పక్కన బొగ్గు బాయిలరుతో నడిచే పెద్ద అత్తరు కర్మాగారం ఒకటుంది. దానికి మంట చవక అయింది. వాళ్ల మనిషి పల్లెకు వచ్చి, పువ్వు ఎంతున్నా మేమే కొంటాం అన్నాడు.

బావ రెండోసారి లెక్క అడిగాడు. ఈసారి ఒక్క సగటూ వెయ్యలేదు. గ్యాసైతే ఇంత, కర్రైతే ఇంత, భట్టీ ఆపి పువ్వు అమ్మితే ఇంత అని మూడు అంకెలు రాసి ఇచ్చాను. గ్యాసు బాగానే ఉంది. కానీ పొయ్యిలకు పెట్టాల్సిన డబ్బు రెండేళ్లుగా కర్ర కింద కాలిపోయింది.

బావ కాగితం మడత పెట్టాడు. "మొదట్లో గేసు ఎయ్యమని ఉంటే బాగుండేది," అన్నాడు. తిట్టినట్టు కాదు, వాన రాలేదన్నట్టు అన్నాడు.

"నాదే తప్పు బావా."

"నువ్వు సెప్పినావు, నాను ఇన్నాను. ఇద్దరివీ."

ఈ వానాకాలం నుంచి పువ్వులు ఆటోలో కర్మాగారానికి వెళ్తున్నాయి. ఆలస్యమైతే వాసన పోతుందని ఆటో వేగంగా పోతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. ఇక్కడి కర్ర పొగ పోయి అక్కడ బొగ్గు పొగ. బావ పల్లెకు కాగితాలు రావడం ఆగింది. ముసలాయన అప్ప పక్కన కూర్చుని పువ్వులు లెక్కపెడతాడు. ఇప్పటికీ దగ్గుతాడు.

మొన్న వెళ్లినప్పుడు బావ నన్ను భట్టీలోకి తీసుకెళ్లాడు. ఆరు బానలూ తోమి బోర్లించి ఉన్నాయి. పాత రాగి కొనేవాడు వారంలో రెండుసార్లు వచ్చి వెళ్తున్నాడని, తను ఇంకా ఊఁ అనలేదని చెప్పాడు. ఒక బాన అంచు మీద చెయ్యి పెట్టి, నావైపు చూశాడు.

"ఇదెంత తూగుతాదో ఆ లెక్క మాత్రం ఎయ్యకురా."

సరే అన్నాను. గుమ్మంలోకి వచ్చినప్పుడే అలవాటుకొద్దీ వేసేశాను. ఆరింటిదీ వేశాను. ఆయనకు చెప్పలేదు.