అల్లుణ్ణి రసీదు అడగలేక

కర్ణాటకలో పావగడ నుంచి తుమకూరుకు బస్సులో ఎట్లా వెళ్ళాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగారు. ఆ దారిలో నేను మొదటిసారి తొంభైల్లో, కరువు ముదిరిన ఒక ఏడాది, నాన్నతో వెళ్ళాను. అక్కడ టీచర్ ట్రైనింగులో నాకు సీటొచ్చింది. ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజు. వానల్లేవని నాన్న చలికాలంలోనే విత్తనానికి దాచిన వేరుశనక్కాయలు అమ్మేశాడు. ఆ డబ్బు నా పేరున బ్యాంకులో వేయమని హెడ్మాస్టరు చెప్పారు. అంతలో అక్క మొగుడు వచ్చాడు. “బ్యాంకోళ్లు ఏమిస్తారు మామా? మా తుమకూరు ఫైనాన్సులో ఆర్నెల్లకు రెండింతలు. సగం ఫీజు కట్టు, సగం పెట్టి విత్తనం కొను” అన్నాడు. నాన్న ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టాడు. ఆర్నెల్లు నిండాక అది తీసుకుని ఫీజు కట్టాలని ఇద్దరం బయల్దేరాం.

మా నాగలమడికలో తెల్లవారకముందే బస్సెక్కి, పావగడలో మారి, మధుగిరి, కొరటగెరె మీదుగా తుమకూరు చేరేసరికి పదకొండయింది. టికెట్లకు అమ్మ చెంగుముడి ఖాళీ అయింది. పావగడ బస్టాండులో ఇద్దరం ఒక్క టీ పంచుకున్నాం. కాలేజీలో చేరాక ఏ చీర కట్టుకోవాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను, పిచ్చిదాన్ని.

ఫైనాన్సు ఆఫీసుకు తాళం వేసి ఉంది. మా మాటలు విని ఎదుటి సైకిల్ షాపాయన తెలుగులోనే పలకరించాడు.

“యాడనుంచి వచ్చినారప్పా? వాళ్లు పారిపోయి నెలయింది. దినామూ మీలాంటోళ్లు వచ్చి బీగం చూసి పోతాండారు. రసీదన్నా ఉండాదా? పోలీసు స్టేషన్లో రాసిచ్చేకి.”

“కట్టింది మా అల్లుడు” అన్నాడు నాన్న. “అల్లుణ్ణి రసీదు ఎట్ల అడిగేదప్పా?”

షాపాయన తాగడానికి నీళ్ళిచ్చాడు. కాలేజీ అక్కడికి దగ్గరే. అయినా అటు వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్తాం?

తిరుగు బస్సు మధుగిరి దాటాక వాన పట్టుకుంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన వాన. బస్సులో అందరూ కిటికీల్లోంచి చేతులు చాపారు. పక్క సీటు రైతు నాన్న భుజం తట్టి, “నేల పదునైతాదిలే, ఎల్లుండి విత్తొచ్చు. విత్తనం ఉండాది కదా?” అన్నాడు.

“ఉండాది” అన్నాడు నాన్న. తర్వాత తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మూడోనాడు ఊరంతా విత్తుతుంటే నేను వేరేవాళ్ళ చేలో విత్తనం వేసే కూలికి పోయాను. ఆ సాయంత్రమే బావ వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి, నాన్న మంచం వాల్చాడు. అమ్మ కోడిని కోసింది. బావ తలెత్తకుండా తిని వెళ్ళిపోయాడు. నా కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు.

బావ మమ్మల్ని ముంచాడో, తనూ మునిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే అక్క కాపురం ఏమవుతుందోనని నాన్న పోయేదాకా అడగలేదు. మోసం చేసినవాళ్ళ మీదకంటే మా మర్యాద మీదే నాకు ఎక్కువ కోపం. ఇప్పుడా దారిలో బస్సులు బోలెడు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కాకపోతే ఫీజు డబ్బు మాత్రం మీ పేరున, మీ చేత్తోనే బ్యాంకులో కట్టి, రసీదు తీసుకున్నాకే బస్సెక్కండి. నేను కట్టొస్తాలే అని ఎవరైనా చెయ్యి చాపితే, ఇంటి అల్లుడైనా సరే, కౌంటరు దాకా వెంట వెళ్ళండి.