‘తెలియదు’ అన్న మాట ప్రభువు నా నోట పలికించిన విధం

సహోదరులారా, ఉదయగిరి సంఘంలో ముందు బెంచీ మా తాతగారిదని మీలో పెద్దలకు తెలుసు. వ్యాజ్యాల్లో పొలాలు పోయి, దుత్తలూరు ఇల్లు పరులపాలై, మా నాయన మంచం పట్టినా నేను మాత్రం ఆ బెంచీలో నిటారుగానే కూర్చున్నాను, ఎవరినీ ఏదీ అడగలేదు, అడగకపోవడమే పరువనుకున్నాను, అదే నా చీకటి!

చెన్నైలో ఇంటర్నెట్ పేజీలు తయారుచేసే ఒక కంపెనీ మనుషులను తీసుకుంటోందని విని, కొత్తగా వచ్చిన జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడానికి ఆత్మకూరు కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. అక్కడ పాఠం చెప్పేది మన సంఘంలోని సునీత; ఆమె తండ్రి ఒకప్పుడు మా పొలంలో కూలి చేసిన మనిషి. అర్థం కానివారు చెయ్యెత్తాలి. నేను ఎత్తలేదు. అంకెలను వరుసలో పెట్టే ప్రోగ్రాము, వరుసలో ఒక అంకెను వెతికే ప్రోగ్రాము, అన్నిటినీ సండే స్కూల్లో కంఠత వాక్యాలు పట్టినట్లు చుక్క పోకుండా బట్టీ పట్టాను. ఆ వాక్యాల బహుమతి ప్రతి ఏడూ నాదే కదా!

ఇంటర్వ్యూలో వరుసలో పెట్టే ప్రోగ్రాము అడిగారు, గుక్క తిప్పుకోకుండా రాసిచ్చాను. అధికారి చూసి, “బాగుంది. పెద్ద అంకె ముందు రావాలంటే ఎక్కడ మారుస్తారు?” అన్నారు. రెండు అంకెలను పోల్చే చోట ఒక్క గుర్తు తిప్పితే చాలు, సహోదరులారా, ఒక్కటే! నాకు తెలియలేదు. తెలియదని చెప్పనూ లేదు. “మాకు ఇట్లాగే నేర్పారు” అని నింద సునీత మీదికి తోసి లేచి వచ్చాను.

నెలలో మరొక్కసారి రమ్మన్నారు, అదే ఆఖరు. అప్పటినుంచి నాకు కుదురు లేదు, పుస్తకం తెరుస్తాను, మూస్తాను, పనేమీ లేకుండా వింజమూరు బస్సెక్కి దారిలోనే దిగి తిరిగొస్తాను. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మోకరించి, “ప్రభువా, నిన్ను అడగడానికి కూడా నాకు నామోషీగా ఉంది, నా మెడ వంచు” అని ఏడ్చాను.

లేచి చూస్తే సునీత ఆరాధనలో పాడే క్రైస్తవ కీర్తనల పుస్తకాలు సర్దుతోంది.

“సునీతమ్మా, నాకు ఒక్క ముక్కా అర్థం కాలా. మొదటి నుంచి చెప్తావా?”

“ఇన్నాళ్లకు నోరు తెరిచినావా అన్నా! అప్పజెప్పేదానికి అదేమన్నా కంఠత వాక్యమా?” అని నవ్వి, ఒక పుస్తకం నా చేతికిచ్చింది. “రెండొందల పదో కీర్తన తియ్యి.”

తీశాను.

“ఏంది, మొదటి పేజీ నుంచి తిప్పలేదే?”

“ఎందుకు? నడిమికి తెరిస్తే నూట ఎనభై వచ్చినాది. ముందర సగంతో పనేముండాది?”

“అదే అన్నా! వెతికే ప్రోగ్రాము చేసేది గూడా అంతే. వరసగా ఉండాయి గాబట్టి నడిమికి తెరిచి, పనికిరాని సగం వదిలేసేది. మళ్లా మిగిలిందాంట్లో నడిమికి. నువ్వు చిన్నప్పటినుంచి చేస్తానే ఉండావు!”

ఆమె మీద వేసిన నింద అక్కడే ఒప్పుకొని క్షమాపణ అడిగాను. ఆ వారమంతా సెంటర్‌లో ఎత్తిన నా చెయ్యి దిగలేదు.

రెండోసారి ఇంటర్వ్యూలో నేను ఎన్నడూ చూడని ప్రశ్న ఇచ్చారు. పాత మెడ బిగుసుకుంది, అయినా ప్రభువు పలికించాడు: “సార్, ఇది నాకు తెలియదు. నాలుగు అంకెలు రాసుకొని చూడవచ్చా?” రాశాను, తప్పింది, కొట్టేశాను, మళ్లీ రాశాను, దారి దొరికింది! ఉద్యోగం ఇచ్చారు, దేవునికే మహిమ!

నావలె అర్థం కాకపోయినా తల ఊపుతూ కూర్చున్నవారు ఇక్కడ ఉంటే, ఆయనను నమ్మి నోరు తెరవండి, ఆయన మిమ్మల్ని సిగ్గుపరచడు. రేపు నేను చెన్నైకి పోతున్నాను. ఎన్ని తెలియనివి ఎదురవుతాయో, మళ్లీ బిగుసుకుపోతానేమోనని ఇప్పటికీ నాకు నెమ్మది లేదు. నా కోసం ప్రార్థించండి. ఈ మాట మిమ్మల్ని అడగడం నాకిదే మొదటిసారి.