పేలని నక్షత్రం

ఫైళ్లు కొందామని జార్జి టౌన్‌లో ఒక దుకాణానికి వెళ్తే, మూలనున్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కర్రుమంటూ బిల్లు కొట్టింది. ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తొంభైల్లో ఒక మధ్యాహ్నం, అలాంటి ప్రింటరు మీదే నా నక్షత్రం పేలింది.

నాకు పరిశోధన నేర్పిన వేదవల్లి మేడమ్‌ది చింతాద్రిపేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు నేతవాళ్ల కుటుంబం. నేను విజయవాడ నుంచి వచ్చి ఆమె దగ్గర చేరాను. ఆయువు తీరిన పెద్ద నక్షత్రం ఎలా చస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. నక్షత్రం నడిమి భాగం కుప్పకూలుతుంది. అందులోంచి న్యూట్రినోలనే సూక్ష్మకణాలు వెల్లువలా బయటికొస్తాయి. అవి పై పొరల్ని చాలినంత వేడెక్కిస్తే నక్షత్రం పేలుతుంది. మా ప్రోగ్రాములో మూడేళ్లుగా పేలలేదు, నా థీసిస్ అంతా దాని మీదే ఆగి ఉంది. అలాంటిది ఆ రోజు పేలింది! కాగితాల చుట్ట పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

“మేడమ్, పేలింది! రేపే వ్యాసం పంపించేద్దాం!”

ఆమె కుర్చీలోంచి లేచిపోయారు. కళ్లు మెరుస్తున్నాయి. అయినా, “సరి అబ్బా, ఒక్క పోగు లాగి చూసినావా?” అని అడిగారు.

వాళ్ల తాతగారు మగ్గం మీద నేత మొదలుపెట్టేముందు పోగును వేలితో లాగి చూసేవారట. మేడమ్ పద్ధతీ అదే. పదార్థమంతా తీసేసి, గురుత్వాకర్షణ మాత్రం ఉంచి, ఒకే ఒక్క న్యూట్రినో కిరణాన్ని బయటికి పంపాలి. రావలసిన జవాబు ముందే చేత్తో లెక్కగట్టుకోవాలి. ఇంకా పరీక్షలేమిటని నాకు ఒళ్లు మండింది. సణుక్కుంటూనే పంపాను. ప్రింటరు ప్రతి వరుసలోనూ ఒకే అంకె కొట్టింది. కిరణం శక్తి లోపల ఎంతో, బయటా అంతే.

“ఈడ దా ఉండాది తప్పు,” అంటూ, తప్పు ఇక్కడే ఉందని అరవం కలిసిన తన తెలుగులో తేల్చేశారు మేడమ్. “అంత బరువు లాగతా ఉంటే, ఆడనుంచి పైకి ఎక్కేసరికి దాని శక్తి తగ్గాల గదా?”

గురుత్వాకర్షణను పదార్థానికి పెట్టి, న్యూట్రినోలకు పెట్టడం మరిచిపోయాను. అందుకే అవి ఉండాల్సినదానికన్నా ఎక్కువ వేడినిచ్చాయి. సరిదిద్ది, ముందు కిరణాన్నీ తర్వాత నక్షత్రాన్నీ మళ్లీ నడిపితే నక్షత్రం పేలలేదు. సిగ్గు లేకుండా ఆమె ముందే ఏడ్చేశాను. ఆమె మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

“ఏడస్తా ఉండావా? నీ కిరణం నా చేతిలెక్కతో కలిసింది చూడు! ఇప్పుడు దా మన నక్షత్రం నిజం చెప్తా ఉండాది.”

ఎందుకు పేలలేదో థీసిస్‌లో రాశాను, ఆ పేలని నక్షత్రంతోనే నాకు డాక్టరేటు వచ్చింది. మేడమ్ ఇప్పుడు లేరు.

బిల్లు తీసుకుని సందులోకి వచ్చానో లేదో, నా విద్యార్థిని ఫోను చేసింది. “సార్, పేలింది!”

నా గుండె ఎగిరి గంతేసింది. అయినా అడిగాను, “ఒక్క పోగు లాగావా?”

“మూడుసార్లు లాగాను సార్. మూడుసార్లూ చేతిలెక్కతో కలిసింది.”

తోపుడుబండికి అడ్డంగా నిలబడి చప్పట్లు కొట్టాను.