తడి ఆరకముందే

పలమనేరులో మా మేనత్త రుక్మిణమ్మ కన్నుమూసింది. తిరుచానూరులో ఉన్న నాకు తెల్లవారగానే ఆమె కొడుకు ఫోన్ చేసి, "వదినా, అమ్మ పొయ్యింది" అన్నాడు. ముందురోజు సాయంత్రమే "సలి ముదిరింది, సబ్బు ముట్టబాకు" అని నాకు బుద్ధులు చెప్పిన మనిషి. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఆ దుర్వార్తకు నా మనస్సు నిశ్చేష్టమైంది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

శైశవం నుంచీ నాకు ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద చర్మం ఎర్రబడి పొలుసులు లేచేది, గోకితే రసి కారేది. ఇది అంటువ్యాధి కాదని డాక్టరు చెప్పినా, బంధువుల ఇళ్లలో నా గ్లాసు విడిగా బోర్లించేవారు. నన్ను దగ్గరికి తీసుకోవడానికి ఎవరికీ చేతులు రాని ఆ రోజుల్లో అత్త నన్ను తన ఇంటికి తీసుకుపోయి, తన కంచంలోనే ముద్దలు కలిపి పెట్టింది. ఎవరో ముఖం చిట్లిస్తే, "బిడ్డ సర్మం బాగలేదు, బిడ్డ బాగానే ఉండాది" అన్నది. ఆ మాట నాకు ప్రాణం పోసింది.

ఆమె సర్వజ్ఞురాలని నేను చెప్పను. మొదట్లో ఎవరి మాటో విని వేపాకు, పసుపు నూరి నా మెడకు పట్టించింది. మంట తాళలేక నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. నీళ్లతో కడిగేసి తానూ కూర్చుని ఏడ్చింది. మా వైపు చిట్కా చెప్పని మనిషి ఉండడు కదా! జిల్లేడు పాలంటారు, నిమ్మరసమంటారు. ఆ తర్వాత ఎవరు నోరు తెరిచినా, "ముందు నీ ఒంటికి రాసుకొని సూపీప్పా" అనేది. సామికి ఉప్పు, మిరియాలు మొక్కుకోమంటే మాత్రం వెళ్లి సమర్పించి వచ్చింది. "దాంతో మంట పుట్టదు కదా" అన్నది.

ఆమె వైద్యంలో మర్మమేమీ లేదు. గోరువెచ్చటి నీళ్లు, తొందరగా ముగిసే స్నానం, రుద్దకుండా నూలుబట్టతో అద్దడం, వెంటనే కొబ్బరినూనె. పలమనేరు చలికి ఆ నూనె గడ్డకట్టేది. గిన్నెను పొయ్యి మీది నీళ్లకాగు మూత మీద పెట్టి కరిగించి, స్నానాలగది తలుపు బయట కాచుకుని ఉండేది. నేను సందులోంచి చేయి చాపేదాన్ని. "తడి ఆరకముందే, అమ్మణ్ణీ, తడి ఆరకముందే" అని నా వెంటపడేది. పుండై రసి కారితే మాత్రం గిన్నె పక్కన పెట్టి, "ఇది మన సేతిలో లేదు, పా" అని చిత్తూరు బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. ఆయన రాసిచ్చిన మందును చెప్పినట్టు పూసేది.

నా పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు ఆమె ఉగ్రరూపం చూశాను. ముత్తైదువలు పసుపు, సున్నిపిండి కలిపి నా చేతులకు రుద్దబోయారు. అత్త పళ్లెం లాక్కున్నది. "పసుపు లేని నలుగు యాడన్నా ఉండాదా?" అన్నది మా పెద్దమ్మ. "కాలిగోటికి రవ్వంత పెట్టుకోండి. సాలు. మిగతాది నాకు రాయండి" అని అత్త తన ముఖం ముందుకు పెట్టింది. అందరూ నవ్వారు. పెళ్లికూతురి నలుగు అత్త బుగ్గలకెక్కింది.

ఈ వ్యాధి నన్ను పూర్తిగా వదల్లేదు, వదలదు కూడా. కానీ నా దేహాన్ని నేను అసహ్యించుకోకుండా బతకగలిగానంటే అది ఆ పుణ్యమూర్తి పెట్టిన భిక్ష. ఆమె స్థానం ఈ జన్మలో మరొకరు పూరించలేరు.

పలమనేరులో అత్తను సాగనంపాక, ఆమె ఇంట్లోనే ఆడవాళ్లం ఒక్కొక్కరుగా స్నానాలు చేశాం. నా వంతు వచ్చింది. నీళ్లు పోసుకుని, బట్టతో అద్దుకుని, అలవాటు చొప్పున తలుపు సందులోంచి చేయి చాపాను. కాసేపటికి గుర్తొచ్చింది. బయటికి వచ్చి చూస్తే గిన్నె గూట్లోనే ఉంది, నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. కరిగిద్దామని దాన్ని చేతుల్లోకి తీసుకుని అక్కడే కూలబడ్డాను. అది కరగకముందే నా ఒంటి మీది తడి ఆరిపోయింది.